తిన్నదంతా ఒంటబడుతుందా చెల్లీ?

చెల్లీ, నలుగురు ఆడవాళ్లం ఒకచోట చేరితే పిల్లల చదువులు, బంగారం ధరలు అయ్యాక మూడో ముచ్చట ఇదే కదా! "తింటూనే ఉన్నానక్కా, ఒంటబట్టట్లేదు." ఖమ్మం మార్కెట్ యార్డులో మిర్చి తొడిమలు తీసే ఆమె ఇదే మాట అంటుంది. వైరా రోడ్డులో బ్యాంకు ఉద్యోగం చేసే పిల్ల ఇదే అంటుంది. చర్ల, దుమ్ముగూడెం దిక్కు నుంచి భద్రాచలం ఆసుపత్రికి వచ్చే బాలింత నోటా ఇదే మాట.

అనేసి నిట్టూర్చి ఊరుకుంటాం. కానీ పళ్లెంలో వడ్డించుకున్నదానికీ నెత్తుట్లో చేరేదానికీ మధ్య ఏం జరుగుతుందో ఎప్పుడైనా ఆలోచించావా? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019-21) ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత. అయిదేళ్లు నిండని పిల్లల్లో 70 శాతం మందికి. వీళ్లంతా పస్తులుండేవాళ్లేమీ కారు. చాలామంది ఇళ్లలో రెండు పూటలా పొయ్యి వెలుగుతోంది, అన్నం ఉడుకుతోంది. మరి ఆ తిన్నది ఎక్కడ పోతోంది? ఇవాళ వంటల సంగతి పక్కనపెట్టి, ముద్ద మింగాక నడిచే కథ చెప్పుకుందాం.

నోట్లోనే మొదలు

అరగడం కడుపులో మొదలవుతుందనుకుంటాం గానీ, మొదలయ్యేది నోట్లో. ఉత్త అన్నం ముద్దను కూర లేకుండా నిదానంగా నములుతూ ఉండు. కాసేపటికి తియ్యదనం తెలుస్తుంది. ఉమ్మిలో ఉండే అమైలేజ్ అనే ఎంజైము అన్నంలోని పిండిపదార్థాన్ని అక్కడికక్కడే చక్కెరలుగా విడగొట్టడం మొదలుపెట్టింది కాబట్టి ఆ తీపి. ఇక పళ్ల పని ముక్కలు చెయ్యడం. ముక్క ఎంత చిన్నదైతే లోపలి రసాలకు అంత బాగా దొరుకుతుంది. జొన్నరొట్టె, పల్లీలు, శనగలు సరిగా నమలకుండా మింగితే వాటి గట్టి పొర లోపల ఉన్న సారం అలాగే బయటికి వెళ్లిపోవచ్చు.

ఇప్పుడు నీ తిండి సంగతి గుర్తుచేసుకో. అందరికీ వడ్డించి, పిల్లల టిఫిన్ డబ్బాలు సర్ది, అత్తమ్మకు మాత్రలిచ్చి, వంటింటి గట్టు దగ్గర నిలబడి నాలుగు ముద్దలు గబగబా మింగి బస్సుకు పరుగెత్తడమేగా! పొలం పనికి పోయే చెల్లెలిది ఇంకా అన్యాయం. పొద్దున సద్ది తీసుకుపోయి ఎప్పుడో ఎండ నెత్తికెక్కాక గట్టు మీద తింటుంది. నమిలే తీరిక లేని తిండికి మొదటి మెట్టు దగ్గరే సగం మర్యాద పోయింది.

మిర్చి మీద వేసే నింద

మింగిన ముద్ద కొన్ని క్షణాల్లో కడుపులో పడుతుంది. అక్కడ ఊరేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. అన్నంతో పాటు వచ్చిన సూక్ష్మజీవులను చాలావరకు అది చంపుతుంది. మాంసకృత్తులను ముక్కలు చేసే పెప్సిన్‌కు కూడా ఆ పులుపు ఉంటేనే పని. కడుపు కండరాలు రెండు నుంచి నాలుగు గంటల పాటు అన్నాన్ని చిలికి జావలా చేస్తాయి. ఆ జావ ఒక్కసారిగా కిందికి దిగిపోదు. సీజన్‌లో మన మిర్చి యార్డు గేటు దగ్గర ఎలా ఉంటుందో చూశావుగా, లోపల ఖాళీని బట్టి బండ్లను కొన్ని కొన్నిగా వదులుతారు. కడుపు కింది కొసన ఉండే ద్వారం పనీ అంతే. నూనె ఎక్కువున్న తిండి అయితే ఇంకా నెమ్మదిగా వదులుతుంది. గారెలు, పూరీలు తిన్నరోజు పొద్దుగూకినా ఆకలి వెయ్యకపోవడం అందుకే.

మిర్చి మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. మన ఖమ్మం తేజ మిర్చి ఘాటు చైనా దాకా ఎగుమతి అవుతోంది. ఆ మిర్చి తిని తినే కడుపులో పుండ్లు పడ్డాయని మనవాళ్ల నమ్మకం. మిరపలోని క్యాప్సైసిన్ వేడిని పసిగట్టే నరాల కొసలను రేపుతుంది. నిజంగా కాలకపోయినా కాలినట్టుంటుంది. పులితేన్పులు, గుండెల్లో మంట ఉన్నవాళ్లకు కారం పడకపోవచ్చు, నిజమే. అయితే కడుపు పుండ్లకు ముఖ్యమైన కారణాలు వేరే రెండు. ఒకటి హెలికోబాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియా. దీని గుట్టు 1982లో ఆస్ట్రేలియాలో బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ పట్టుకున్నారు. 2005లో వాళ్లకు నోబెల్ బహుమతి వచ్చింది. సరైన యాంటీబయాటిక్స్ వాడితే ఆ పుండు మానిపోతుంది.

రెండో కారణం మన ఆడవాళ్లు బాగా వినాలి. అది నొప్పుల మాత్ర. మిర్చి కోతల కాలంలో రోజంతా నడుము వంచి ఏరి, సాయంత్రానికి కిరాణా కొట్లో ఒక గోళీ కొనుక్కుని ఉత్త కడుపున మింగేసేవాళ్లు ఎందరో. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు కడుపు గోడకు కాపలాగా ఉండే జిగురు పొరను పలచన చేస్తాయి. రోజుల తరబడి వాడితే పుండు పడి, లోలోపలే నెత్తురు కారుతుంది. పైకి కనపడని ఆ నెత్తురుతో పాటు ఇనుమూ పోతుంది. మలం తారులా నల్లగా వస్తే, కళ్లు తిరుగుతుంటే ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి పో.

అసలు పని చిన్నపేగుది

కడుపు దాటిన జావ చిన్నపేగులో పడుతుంది. అక్కడ కాలేయం నుంచి పైత్యరసం, క్లోమం నుంచి ఎంజైములు వచ్చి కలుస్తాయి. పైత్యరసం నూనెను సన్న బిందువులుగా విడగొడుతుంది. క్లోమరసం పిండిపదార్థాన్నీ మాంసకృత్తులనూ కొవ్వునూ ఇంకా చిన్న తునకలు చేస్తుంది. అంత చిన్నవయ్యాకే అవి పేగు గోడ దాటగలవు.

ఆ గోడను చూస్తే ఆశ్చర్యపోతావు చెల్లీ. చిన్నపేగు పొడవు సుమారు 6 మీటర్లు. లోపలంతా మడతలు, మడతల మీద కంటికి ఆననంత సన్నటి వేళ్లలాంటి మొనలు. బడిలో వీటినే చూషకాలని చదువుకున్నాం. ఒక్కో చూషకం మీద ఉన్న కణాలకు మళ్లీ అంతకన్నా సన్నని నూగు. ఇదంతా విప్పి పరిస్తే టెన్నిస్ కోర్టంత అవుతుందని పుస్తకాల్లో రాసేవారు. 2014లో స్వీడన్ శాస్త్రవేత్తలు మళ్లీ కొలిచి, పేగులన్నీ కలిపినా 30 నుంచి 40 చదరపు మీటర్లేనని తేల్చారు. అంటే బ్యాడ్మింటన్ కోర్టులో సగం. అదేం తక్కువ కాదు. ఒక పెద్ద గదిని మించిన స్థలం నీ పొట్టలో మడతపెట్టి ఉన్నట్టు!

చక్కెరలు, మాంసకృత్తుల తునకలు చూషకాల్లోని సన్న రక్తనాళాల్లోకి దిగి నేరుగా కాలేయానికి పోతాయి. కొవ్వు మాత్రం వేరే దారిలో, శోషరస నాళాల గుండా తిరిగి నెత్తుట్లో కలుస్తుంది. ఏ, డి, ఈ, కె విటమిన్లు ఆ కొవ్వు వెంటే వెళ్తాయి. అందుకే మునగాకు, తోటకూర ఉత్త నీళ్లలో ఉడకేసి తింటే వాటిలో విటమిన్ ఏ గా మారే పదార్థం సరిగా అందదు. ఒక చెంచా నూనెతో పోపు వేస్తే అందుతుంది. బరువు తగ్గాలని నూనె మొత్తం మానేసిన పట్నం చెల్లెళ్లు ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి.

ఇంకో సంగతి ఉంది. ఈ పేగు లోపలి పొర మూడు నుంచి అయిదు రోజులకోసారి పాత కణాలను వదిలేసి కొత్తది తొడుక్కుంటుంది. అంత వేగంగా కొత్త కణాలు పుట్టాలంటే వాటికీ తిండి కావాలి. మనకు పోషకాలు అందించే పేగే పస్తుంటే ఏమవుతుంది? దానికి మన తెలుగువాడి కథే ఉంది, కాసేపట్లో చెప్తా.

చాయ్ ఎప్పుడు తాగాలి?

ముందు ఇనుము సంగతి తేలుద్దాం. చిన్నపేగు మొదటి భాగంలోనే ఇనుము చాలావరకు లోపలికి పోతుంది. ఆకుకూరలు, పప్పులు, చిరుధాన్యాల్లోని ఇనుములో మన తరహా భోజనంలో పదో వంతు కూడా ఒంటికి చేరడం కష్టమే. మాంసం, కార్జం, చేపల్లోని ఇనుము అయితే దానికి రెండు మూడింతలు చేరుతుంది. ఈ తేడాను పెంచేవీ తగ్గించేవీ మన చేతిలోనే ఉన్నాయి.

తగ్గించేవాటిలో మొదటిది చాయ్. భోజనం కాగానే చాయ్ తాగితే అందులోని టానిన్లు ఆ పూట కూరల్లోని ఇనుమును పట్టుకుని పోనివ్వవు. ఒంటికి చేరాల్సిన దాంట్లో సగానికి పైగా తగ్గిపోవచ్చు. మానెయ్యమని అనట్లేదు చెల్లీ, చాయ్ మానమంటే నా మీదికే వస్తావు. తిండికీ చాయ్‌కీ మధ్య గంటన్నా ఎడం పెట్టు, చాలు. పాలలోని కాల్షియం కూడా ఇలాగే అడ్డం పడుతుంది. అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి భోజనం తినే గర్భిణులకు అన్నం, పప్పు, గుడ్డుతో పాటు 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తారు. మంచిదే, తాగండి. ఐరన్ మాత్రను మాత్రం ఆ పాలతో వేసుకోకుండా ఇంటికి వెళ్లాక వేరే వేళలో వేసుకోండి.

పెంచేది విటమిన్ సి. పప్పులో పిండిన నిమ్మచెక్క, అన్నంతో పాటు జామపండు, కార్తీకం నుంచి మన అడవుల్లో దొరికే ఉసిరికాయ ఆ పని చేస్తాయి. ఉసిరిలో సి విటమిన్ కమలాపండు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఇల్లెందు, పాల్వంచ సంతల్లో గిరిజన అక్కలు గంపల్లో పెట్టుకుని అమ్మే ఆ పుల్లటి కాయను పచ్చడికే పరిమితం చెయ్యకు. పచ్చిది ఒకటి భోజనంతో పాటు కొరుకు. వేడి తగిలితే సి విటమిన్ చాలా పోతుంది.

రేషన్ బియ్యం మాట కూడా చెప్పాలి. 2022 నుంచి దేశంలో జిల్లాల వారీగా పోషకాలు కలిపిన బియ్యం ఇవ్వడం విస్తరించింది. నూటికి ఒక గింజ చొప్పున బియ్యప్పిండికి ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బీ12 కలిపి గింజల్లా ఒత్తినవి అందులో ఉంటాయి. కడిగేటప్పుడు కొన్ని తేలతాయి, రంగులో కొంచెం తేడా ఉంటుంది. "ప్లాస్టిక్ బియ్యం వచ్చాయి" అని వాటిని ఏరి పారేసినవాళ్లు ఎంతమందో! అలాంటి గింజలు కనిపిస్తే ఏరకు. పోషకాలున్నది వాటిలోనే.

ఒక జాగ్రత్త కూడా విను. మన ఏజెన్సీలో సికిల్ సెల్, ఖమ్మం చుట్టుపక్కల తలసీమియా ఉన్న కుటుంబాలున్నాయి. వాళ్లకు రక్తం తక్కువైంది ఇనుము లేక కాకపోవచ్చు, ఒంట్లో ఇనుము అప్పటికే ఎక్కువై ఉండొచ్చు కూడా. అలాంటివాళ్లు డాక్టరు చెప్పకుండా ఐరన్ వాడకూడదు. 2023 జులైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ కింద గిరిజన ప్రాంతాల్లో ఆ పరీక్షలు చేస్తున్నారు. మీ ఊరికి వస్తే ఇంటిల్లిపాదీ చేయించుకోండి.

ఇద్దరు అన్నదమ్ములను తీసుకుపోయిన జబ్బు

ఇప్పుడు ఆ తెలుగువాడి కథ. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి ఇంట్లో స్ప్రూ అనే జబ్బు చొరబడింది. ఇది పేగు జబ్బు. చూషకాలు మొద్దుబారి పొట్టివైపోతాయి. మనిషి తింటూనే ఉంటాడు, విరేచనాలై పోతుంటాయి, నెత్తురు తగ్గిపోతుంది, నాలుక పుండవుతుంది, ఎముకలు తేలతాయి. ఒంటబట్టకపోవడం అనే మాటకు ఇంతకన్నా భయంకరమైన రూపం లేదు. సుబ్బారావు గారి అన్నదమ్ములు ఇద్దరు కొద్దిరోజుల తేడాలో ఆ జబ్బుకే పోయారు. ఆయనకూ సోకితే, ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి గారి చికిత్సతో బతికి బయటపడ్డారు.

తర్వాత ఆయన అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో చదివారు. కండరాల శక్తికి సంబంధించిన ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల మీద 1920లలో ఆయన చేసిన పని ఇవాళ్టికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది. 1940లో లెడర్లె ప్రయోగశాలలో చేరి పరిశోధనకు నాయకత్వం వహించారు. అంతకు పదేళ్ల ముందు బొంబాయిలో లూసీ విల్స్ అనే డాక్టరమ్మ, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనతను ఈస్టు సారంతో తగ్గించి, అందులో ఏదో తెలియని పోషకం ఉందని చెప్పింది. ఆకుల్లో, కాలేయంలో, ఈస్టులో దాగిన ఆ పోషకమే ఫోలిక్ ఆమ్లం. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసే పద్ధతిని 1945లో లోకానికి చెప్పింది సుబ్బారావు గారి బృందమే. వెంటనే దాన్ని స్ప్రూ రోగుల మీద వాడి చూశారు. నెత్తురు పెరిగింది, ఆకలి తిరిగి వచ్చింది, మనుషులు లేచి కూర్చున్నారు.

ఎందుకలా పనిచేసిందో పైన చెప్పిన పేగు పొర సంగతితో తెలుస్తుంది. వేగంగా కొత్త కణాలు పుట్టాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. అది తగ్గితే పేగు పొర కొత్తది తొడుక్కోలేదు. పొర దెబ్బతింటే ఫోలిక్ ఆమ్లం సహా ఏదీ లోపలికి పోదు. ఒకదాన్ని ఒకటి పడదోసుకుంటూ పోయే ఆ చక్రాన్ని ఒక చిన్న మాత్ర ఆపింది. ఇప్పటికీ ఉష్ణదేశాల స్ప్రూకు ఇచ్చే మందులు రెండు. ఒకటి ఫోలిక్ ఆమ్లం, రెండోది టెట్రాసైక్లిన్. ఆ జాతి మందుల్లో మొట్టమొదటిది ఆరియోమైసిన్, 1948లో వెలుగులోకి వచ్చింది. అదీ ఆయన నడిపిన ప్రయోగశాల నుంచే. బోదకాలు రాకుండా మన ఊళ్లలో పంచే డీఈసీ మాత్ర కూడా అక్కడిదే. 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో ఆయన కన్నుమూశారు, నోబెల్ లేకుండానే.

సబ్ సెంటర్‌లో ఏఎన్ఎమ్ అక్క నీ చేతిలో పెట్టే ఎర్ర మాత్ర చూశావుగా. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. ఆ ఫోలిక్ ఆమ్లం వెనక భీమవరం బిడ్డ కష్టం ఉంది. గర్భిణులు నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు వేసుకోవాలి. వికారంగా ఉందని, మలం నల్లగా వస్తోందని పెరట్లో పారేసేవాళ్లున్నారు. ఐరన్ మాత్రతో మలం నల్లబడడం మామూలే, భయపడకు. వికారం పుడితే రాత్రి అన్నం తిన్న తర్వాత వేసుకుని పడుకో.

జొన్నన్నం ఒక్కటే చాలదు

ఈమధ్య పట్నంలో జొన్నరొట్టె ఫ్యాషనైంది. మన తాతల కాలంలో అది పేదింటి తిండి. కూనూరులో 1918లో మొదలైన పోషకాహార పరిశోధన కేంద్రం 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ అదే. అక్కడ సి. గోపాలన్, ఎస్. జి. శ్రీకంఠయ్య గార్లకు తెలంగాణ పల్లెల నుంచి పెల్లాగ్రా రోగులు కనపడ్డారు. ఎండ తగిలే చోటల్లా చర్మం నల్లబడి పొలుసులు, విరేచనాలు, మతిస్థిమితం తప్పడం దాని లక్షణాలు. నియాసిన్ అనే బి విటమిన్ లోపంతో వస్తుంది. వాళ్లంతా జొన్న తప్ప వేరే ఏమీ పెద్దగా తినని పేదలు. జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్, ఒంట్లో నియాసిన్ తయారీకి అడ్డం పడుతోందని 1960లో వాళ్లు రాశారు.

అలాగని జొన్న చెడ్డది అనుకోకు. దాని పక్కన పప్పు, ఆకుకూర, గుడ్డు, పల్లీ ఉంటే ఏ ఇబ్బందీ లేదు. ఏ ధాన్యమైనా ఒంటరిగా పళ్లెం నింపకూడదు, అంతే. ధాన్యాల్లో ఫైటిక్ ఆమ్లం ఉండి ఇనుమును, జింకును కట్టేస్తుంది. నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం దాన్ని తగ్గిస్తాయి. రాత్రి పులియబెట్టిన అంబలి, శ్రీరామనవమికి భద్రాచలంలో పానకంతో పాటు పంచే నానిన పెసరపప్పు, ఇంట్లో చేసుకునే మొలకలు అన్నీ ఆ దారిలోవే. అడవిలో కోయ, కొండరెడ్డి అక్కల నేర్పు ఇంకా గొప్పది. కొన్ని చేదు దుంపలను తరిగి, ఉడికించి, పారే వాగు నీళ్లలో ఉంచి విషం పోయాకే తింటారు. ఎవరూ బడిలో నేర్పని విద్య అది.

చిన్నపేగుకు అరగని పీచు పెద్దపేగుకు చేరుతుంది. అక్కడ కోట్ల బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి పెద్దపేగు గోడకే తిండి తయారుచేసి పెడతాయి. వెదురు కొమ్ములు, ఆకుకూరలు, ముడిధాన్యాలు, తునికి పండ్లు వాటికి విందు. పాలు తాగితే పొట్ట ఉబ్బరించే పెద్దవాళ్లు మన దక్షిణాదిలో ఎక్కువే. పాలచక్కెరను అరిగించే ఎంజైము వయసుతో తగ్గిపోవడమే కారణం. వాళ్లకు పెరుగు, మజ్జిగ పడతాయి.

గోదారి పొంగినప్పుడు

2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులు. వరద తీసిన తర్వాత బావులు, బోర్లలో కలిసిన మురుగుతో వచ్చేది వాంతులు, విరేచనాలు. మన పేగుల్లోకి రోజూ సుమారు 9 లీటర్ల ద్రవం వస్తుంది, తాగింది 2 లీటర్లు, ఒంట్లో రసాలు 7 లీటర్లు. మామూలు రోజుల్లో పావు లీటరు కూడా బయటికి పోదు, అంతా తిరిగి పీల్చుకుంటుంది. విరేచనాలు పట్టుకుంటే ఆ లెక్క తలకిందులై, చిన్నపిల్లలు గంటల్లో వాడిపోతారు.

దానికి మందు ఓఆర్‌ఎస్. పేగు గోడలో చక్కెర, ఉప్పు కలిసి వస్తేనే తెరుచుకునే ఒక దారి ఉంది. విరేచనాల్లో కూడా అది మూతపడదు. ఆ రెండింటి వెంట నీళ్లూ లోపలికి పోతాయి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా విజృంభించినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ సెలైన్ అయిపోతే ఈ ఉప్పు చక్కెర నీళ్లనే తాగించారు. నూటికి ముప్పై దాకా ఉన్న చావులు నాలుగు లోపుకు తగ్గాయి. కొలత తప్పకూడదు. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లు రాసుంటే అన్నే పొయ్యాలి, పెద్ద ప్యాకెట్‌కు లీటరు. చక్కెర ఎక్కువైతే నీటిని పేగులోకి లాగి విరేచనాలు పెంచుతుంది. పేరుకు ఓఆర్‌ఎస్, లోపలంతా తీపి పానీయం అయిన డబ్బాల మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో ఆహార భద్రత సంస్థ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం అని రాసి ఉన్న పొడి ప్యాకెట్టే అడిగి తీసుకో. పిల్లలకు దాంతో పాటు జింకు మాత్రలు 14 రోజులు వెయ్యాలి. బిడ్డకు పాలు ఆపకు, తిండి మానిపించకు.

మాటిమాటికీ విరేచనాలు, కడుపులో పురుగులు పిల్లల చూషకాలను దెబ్బతీస్తాయి. ఎంత పెట్టినా ఎదగకపోవడానికి అదొక కారణం. తెలంగాణలో అయిదేళ్లలోపు పిల్లల్లో 33.1 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. మన దిక్కు చెప్పులు లేకుండా నడిచే పిల్లలకు కొంకిపురుగు అరికాలి గుండా ఎక్కి, పేగును పట్టుకుని నెత్తురు తాగుతుంది. ఏటా ఫిబ్రవరి, ఆగస్టు నెలల్లో బడిలో, అంగన్‌వాడీలో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్రను మీ పిల్లలకు తప్పక వేయించు. మరుగుదొడ్డి, చెప్పులు, కాచిన నీళ్లు, సబ్బుతో కడిగిన చెయ్యి కూడా తిండిలో భాగమే అనుకో.

చెల్లీ, ఇంత చెప్పాక నిన్ను అడిగేది ఒక్కటే. ఇంట్లో ఆఖరున, మిగిలింది తినే అలవాటు మానుకో. అందరితో పాటు కూర్చుని, నీ పళ్లెంలో కూడా గుడ్డు, పప్పు, ఆకుకూర, ఒక నిమ్మచెక్క వేసుకుని, నిదానంగా నమిలి తిను. చాయ్ గంట తర్వాత. ఈ వారంలోనే ఆశా అక్కను అడిగి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకో. గర్భిణివైతే 11 గ్రాములు, కాకపోతే 12 గ్రాములకు తగ్గిందా, మాత్ర మొదలుపెట్టు. నీతో పాటు మీ అత్తమ్మనూ ఆడపడుచునూ కూడా తీసుకుపో.